తుమ్మెద అని పేరు పెట్టింది నేనే

పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆమె గురించి రాయదగ్గవాళ్ళు చాలామందే ఉన్నారు. పక్కన నిలబడి పనిచేసినవాళ్ళున్నారు, ఆమె చేతిమీదుగా గట్టెక్కిన పిల్లల తల్లులున్నారు. నేను మూడో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. కుట్టుమిషన్ తొక్కడం తప్ప నాకు వేరే విద్య రాదు. మాట విసరడం ఒకటి వచ్చు, దాన్ని విద్య అంటారో లేదో తెలియదు. అయినా కూడబలుక్కుంటూ నేను రాస్తున్నానంటే ఒక్కటే కారణం. మా వీధిలో ఆమెకున్న పేరు నేను పెట్టిందే.

తుమ్మెద. వినడానికి బాగానే ఉంటుంది. ఎవరైనా అడిగితే ముప్పై ఏళ్ళుగా నేనూ అదే చెప్పుకొచ్చాను, ముద్దుగా పిలిచాం, తప్పేముందని.

మా భవనంలో కింద నా కుట్టుగది. వీధివైపు తలుపు, మెట్లవైపు కిటికీ. పైకి వెళ్ళేవాళ్ళూ కిందికి దిగేవాళ్ళూ ఆ కిటికీ దాటి తీరాలి. ఎవరి జేబు చిరిగిందో, ఎవరి నడుం పెరిగిందో, ఏ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో అన్నీ నాకు తెలిసేవి. మూడో అంతస్తులో ఒక తల్లీ కూతురూ ఉండేవాళ్ళు. తల్లి ఇంట్లోనే కూర్చుని మందుల షాపులకు కాగితపు కవర్లు అంటించేది. కూతురు మొర్రితో పుట్టింది. పెదవితో పాటు లోపల అంగిలి కూడా చీలి ఉంది. ఆపరేషన్ ఆలస్యంగా, ఐదేళ్ళు దాటాక చేయించారు. పెదవి మీద కుట్టు కాస్త వంకరగా పడింది. కుట్టుపని మనిషిని కదా, నా కంటికి ముందు ఆనింది అదే.

"ఎవడు కుట్టాడమ్మా ఇది? అంచులు కలపనేలేదు" అన్నాను తల్లితో, పిల్ల ముందే.

తల్లి నవ్వింది. ఏం చేస్తుంది? నా మాటకు నవ్వకుండా ఆ మెట్లెక్కినవాళ్ళు లేరు.

పిల్లకు తొమ్మిదేళ్ళప్పుడు బడి గౌను పట్టుకుని వచ్చింది. జాకెట్ల కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు నలుగురు నా గదిలో ఉన్నారు. "పెద్దమ్మగారూ, రెండంగుళాలు తగ్గించమంది అమ్మ" అంది. అంది గానీ మాట సగం ముక్కులోంచి పోయింది. నా నోరు ఊరుకుంటుందా?

"ఏమే తుమ్మెదా, ఝుమ్మంటూ వచ్చావు, పువ్వెక్కడుందే ఇక్కడ?"

నలుగురూ పడీ పడీ నవ్వారు. ఒకావిడయితే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ పిల్ల గౌను నా బల్ల మీద పెట్టింది. నలిగిన మడత వేళ్ళతో సరిచేసింది. వెళ్ళిపోయింది. సాయంత్రానికి మెట్ల మీద పిల్లలు ఝుమ్మంటూ ఆమె వెంట పడ్డారు. వారం తిరిగేసరికి వీధంతా అదే పేరు. అబద్ధమెందుకు, నాకు గర్వంగానే ఉండేది. నేనన్న మాట జనం నోట్లో నిలిచిపోయిందని.

ఏడాదీ రెండేళ్ళూ గడిచేసరికి ఆమె మాట మారిపోయింది. ముక్కు శబ్దం తగ్గింది. దాని బదులు ప్రతి మాటా గొంతులోనే తెగి, ఎక్కిళ్ళు వచ్చినట్టు వచ్చేది. మాటలూ తగ్గించేసింది. మెట్లు దిగుతూ కిటికీ వైపు చూసేది కాదు. పొగరెక్కిందన్నాను. తర్వాత ఎక్స్‌రే చదువు చదివి పెద్దాసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. అక్కడ రోజంతా చెప్పాల్సినవి మూడే మాటలు కదా: పీల్చండి, బిగబట్టండి, వదలండి. "మూడు మాటల ఉద్యోగం, తుమ్మెదకి కొలతలు తీసి కుట్టినట్టుంది" అని దానికీ ఒకటి విసిరాను. ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయన ఆ జోకు నెల్లాళ్ళు అందరికీ చెప్పుకు తిరిగాడు. తల్లి పోయాక ఆమె ఆసుపత్రి క్వార్టర్లకు మారింది. పేరు మాత్రం మా వీధిలోనే ఉండిపోయింది.

ఇక నా ఇంటి సంగతి. నా కూతురు బస్సు కండక్టరు. అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. వాళ్ళకు పుట్టిన పిల్ల నా చేతుల్లోనే పెరిగింది. పుట్టినప్పుడు పెదవి చక్కగా ఉంది. పాలు పడితే ముక్కులోంచి వచ్చేశాయి. నోరు తెరిచి చూస్తే అంగిలి వెనక సగం చీలి ఉంది. ఏడాది నిండగానే కుట్టించాం. మూడో ఏట మాటలొచ్చాయి. "అమ్మమ్మా" అని స్పష్టంగా పిలిచింది, నేను పొంగిపోయాను. "పాప" అనమంటే గాలి ముక్కులోకి పోయి "మామ" అంది.

భయం పట్టుకుంది నాకు. ఆపరేషన్ గురించి కాదు, నా కిటికీ గురించి. ఈ వీధిలో పిల్లలకు పేర్లెక్కడ పుడతాయో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మిషన్ పక్కన స్టూల్ వేసి రోజూ కూర్చోబెట్టేదాన్ని. చేతిలో కొలత టేపు. "ముక్కుతో కాదే, లోపల్నించి, గొంతులోంచి లాగు" అనేదాన్ని. ముక్కు శబ్దం వచ్చిందంటే టేపు మడిచి బల్ల మీద ఒక్కటి. పిల్లని ఏనాడూ కొట్టలేదు, బల్లనే కొట్టాను. పిల్ల మాత్రం ప్రతిసారీ ఉలిక్కిపడేది. దాన్నేమనాలో మీరే చెప్పండి. ఐదో ఏడు వచ్చేసరికి ముక్కు శబ్దం పోయింది. "కాకి" అనమంటే గొంతులో రెండుసార్లు గొళ్ళెం పడ్డట్టు వినబడేది. ఏం అంటోందో నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోతే పోనీ, ఎవరూ నవ్వడం లేదు కదా అనుకున్నాను.

పిల్లకు ఆరేళ్ళు వచ్చాయి. బడిలో ఎవరికీ దాని మాట అర్థం కావడం లేదని కూతురు ఆసుపత్రికి తీసుకెళ్ళింది, నేనూ వెళ్ళాను. పిల్లలకు మాటలు నేర్పే టీచరమ్మ ఒకావిడ ఉంది అక్కడ. రెండు మాటలు వినగానే ముఖం చిట్లించింది.

"ఇదెక్కడ నేర్చుకుందమ్మా? పెదవులూ నాలుకా చేయాల్సిన పని గొంతుతో చేయిస్తోంది. ముందు ఇది మాన్పించాలి. పెదవులతో పలికించండి. ముక్కులోంచి వస్తే రానివ్వండి."

"రానిస్తే అదే అలవాటైపోదా?" అన్నాను.

"అవదు. మూడు నెలలు ఇలా చేస్తే అప్పుడు కదిలే ఎక్స్‌రే తీస్తాం. పిల్ల మాట్లాడుతుంటే లోపల అంగిలి ఎలా కదులుతోందో సినిమాలా కనిపిస్తుంది. ఇంకో ఆపరేషన్ కావాలో వద్దో, కావాలంటే ఎలాంటిదో, అది చూసే పెద్ద డాక్టరుగారు చెబుతారు."

ఒక కాగితమిచ్చింది. బాబు బడికి పోతాడు, తాత బాట పట్టాడు, ఇలాంటివి నాలుగు వాక్యాలు. ముక్కు అక్కర్లేని అక్షరాలతో కూర్చినవట. బల్ల మీద దూదిపింజ పెట్టి, "ప" అన్నప్పుడు అది ఎగిరేలా పలికించమంది.

రానివ్వండి అనడం ఆవిడకు తేలికే. ఆవిడ మా మెట్ల కింద కాపురముండదు. నా కూతురికి సెలవు ఆదివారమొక్కటే. ఆ రోజు దూదితో పలికించేది. మిగతా ఆరు రోజులూ పిల్ల నా స్టూల్ మీద. పైగా ఎక్స్‌రే అంటే పరీక్ష అనుకున్నాను నేను. పరీక్షలో ముక్కు శబ్దం రాకపోతే పాసు, పాసయితే ఆపరేషన్ లేదు. నా బుర్రకు తెలిసింది అంతే. ఆ నాలుగు వాక్యాలూ గొంతుతో గుక్క తిప్పుకోకుండా చెప్పేదాకా పిల్లను వదల్లేదు. "ఇలా నేర్పానని అక్కడ చెప్పకు" అని కూడా చెప్పాను. తప్పు కాదనుకుంటే ఆ మాట ఎందుకు చెప్పానో మరి.

ఆ రోజు వచ్చింది. ఎక్స్‌రే గది తలుపు తెరుచుకుని సీసం ఏప్రాన్ వేసుకున్న మనిషి బయటికొచ్చింది. చెంపలు నెరిశాయి. పెదవి మీద వంకర కుట్టు సన్నబడింది. నన్ను చూసింది.

"రండి పెద్దమ్మగారూ."

మాటలో ముక్కు ఇంకా కాస్త ఉంది, కానీ ప్రతి అక్షరం విడిగా వినబడింది. నేనేం చేయాలి? బాగున్నావా తల్లీ అనాలి. నేను టీచరమ్మ వైపు తిరిగి, అందరికీ వినబడేలా, "ఇంకెవరూ లేరా అమ్మా? మాట తిరగనివాళ్ళతోనా మాట పరీక్ష చేయించేది?" అన్నాను.

నా కూతురు నా మోచెయ్యి గిల్లింది. ఆమె ఏప్రాన్ తాడు ముడి ఒకసారి బిగించుకుంది.

"ఇవాళ నేనే ఉన్నాను. వేరేవాళ్ళు కావాలంటే గురువారం రావాలి" అని లోపలికి నడిచింది.

గురువారానికి కూతురికి మళ్ళీ సెలవు దొరకదు. లోపలికే వెళ్ళాం. పిల్లను పక్కకు తిప్పి కుర్చీలో కూర్చోబెట్టింది. మెడ దగ్గర చిన్న మైకు పెట్టింది. అంగిలి అంచు బొమ్మలో బాగా కనబడ్డానికట, ముక్కులో తెల్లటి మందు రెండు చుక్కలు వేయాలి. పిల్ల బిగుసుకుపోయింది.

"చల్లగా ఉంటుంది. తుమ్మొస్తే తుమ్మెయ్. నా ఏప్రాన్ మీద తుమ్మినా ఫరవాలేదు, దీనికి జలుబు చెయ్యదు" అందామె.

పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వుతుండగానే చుక్కలు పడిపోయాయి.

మేమంతా అద్దం వెనక నిలబడ్డాం. తెర మీద నా మనవరాలి తల, నలుపూ తెలుపూ బూడిదరంగులో. నాలుక ఎత్తుగా లేస్తోంది. దాని వెనక చిన్న గుడ్డముక్కలాంటిది వేలాడుతోంది. పెద్ద డాక్టరు పెన్నుతో చూపించాడు. "ఇది మెత్తటి అంగిలి. పరదా అనుకోండి. మాట్లాడేటప్పుడు ఇది లేచి వెనక గోడకి ఆనాలి. ఆనితే గాలి నోట్లోకి వస్తుంది, లేకపోతే ముక్కులోకి పోతుంది."

పిల్ల నాలుగు వాక్యాలూ చెప్పేసింది, నేను నేర్పినట్టే, ఒక్క ముక్కు శబ్దం లేకుండా. మెచ్చుకుంటారేమోనని అందరి ముఖాలూ చూశాను. ఎవరూ నన్ను చూడటం లేదు. తెర మీద పరదా, గాలి లేని పూట దండెం మీద గుడ్డలా, ఉన్నచోటే ఉంది.

"అసలు కదలడమే లేదు" అన్నాడు డాక్టరు. "ఉన్నదాన్ని సరిచేసి లాభం లేదు. వెనక గోడ నుంచి కొంత కండ తీసి పరదాకి వంతెనలా కుట్టేయాలి. ముక్కుతో గాలి పీల్చడం కొంచెం కష్టమవుతుంది, కొంతమందికి నిద్రలో ఇబ్బంది ఉంటుంది. తప్పదు." ఆపరేషన్ల తారీఖులు రాసే పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

"ఒక్క నిమిషం సార్." మీటల దగ్గర నుంచి ఆమె గొంతు. "పరదా చెడిపోయిందని చెప్పలేం. దానికి పనే చెప్పలేదు. పిల్ల గాలినంతా గొంతులోనే ఆపేస్తోంది. గాలి పైకే రాకపోతే పరదా ఎందుకు లేస్తుంది?"

"నీకెలా తెలుసు?"

"నేనూ ఇలాగే మాట్లాడేదాన్ని సార్. పద్నాలుగో ఏట నాకూ బొమ్మ తీశారు. కదలడం లేదని రాసి వంతెన కుట్టేశారు. అక్కర్లేదని తర్వాత తేలింది. ఇప్పటికీ నేను వెల్లకిలా పడుకోలేను."

తొమ్మిదేళ్ళప్పుడు బాగానే ముక్కుతో మాట్లాడిన పిల్ల, పద్నాలుగేళ్ళకు గొంతుతో ఎందుకు మాట్లాడుతోందో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. ఆమెకూ తెలుసు.

డాక్టరు టీచరమ్మను చూశాడు. "మూడు నెలలు మీరు నేర్పింది ఇదేనా?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నేను నేర్పింది ఇది కాదండీ. ఇంట్లో ఎవరో..."

"ఇంట్లో ఎవరైనా ఇలా పలకమన్నారా అమ్మా?" డాక్టరు నా కూతుర్ని అడిగాడు.

నా కూతురు నన్ను చూసింది. నేను తల ఎగరేశాను. "ఎవరంటారండీ? పిల్ల మొండిఘటం. దానంతటదే నేర్చుకుంది."

తలుపు తెరిచే ఉంది. కుర్చీలోంచి పిల్ల ఇటు తిరిగింది. ముక్కులోంచి తెల్లటి మందు పెదవి మీదికి కారుతోంది. నన్ను చూసి, నాకు సాయం చేస్తున్నట్టు తలూపింది. "నేనే" అంది.

ఆరేళ్ళ పిల్ల. అమ్మమ్మ మొయ్యాల్సిన తప్పును అది మోస్తానంది.

ఆమె లోపలికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల మూతి తుడిచింది. "నేనూ నా అంతట నేనే నేర్చుకున్నాను. ఎవరో నవ్వారని" అంది. అంటూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నా నోటికి ఏదో ఒకటి దొరికేది. ముప్పై ఏళ్ళలో దొరకని రోజు లేదు. ఆమె చూడకపోయేసరికి విసరడానికి చోటు లేకపోయింది.

"నేనే నేర్పాను" అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. "రోజూ నేర్పాను డాక్టరుగారూ. చెప్పొద్దని కూడా చెప్పాను. పిల్లదేం లేదు, టీచరమ్మదేం లేదు."

ఎవరైనా తిడితే బాగుండేది. డాక్టరు పుస్తకం మూసేశాడు. "ఇప్పుడు మళ్ళీ తీయను. చిన్నపిల్లకి ఈ కిరణాలు ఊరికే తగలనివ్వకూడదు. టీచరమ్మ చెప్పింది చేసి నాలుగు నెలల తర్వాత రండి" అన్నాడు, అంతే.

బస్సులో నా కూతురు పిల్లను తీసుకుని వేరే సీట్లో కూర్చుంది. దిగేటప్పుడు ఒక్క మాట అంది. "ఆదివారం నేను వేసిన కుట్లు ఆరు రోజులూ కూర్చుని విప్పావు కదమ్మా."

ఆ నాలుగు నెలలూ స్టూల్ అక్కడే ఉంది. టేపు మాత్రం సొరుగులో పెట్టేశాను. కొలతలు తీయాల్సి వస్తేనే బయటికి తీసేదాన్ని. బల్ల మీద దూది. "ప" అంటే దూది కదలాలి. మొదట్లో కదిలేది కాదు. తర్వాత కదిలింది. కదిలిన రోజు నుంచే ముక్కు శబ్దం కూడా ఇంట్లోకి తిరిగొచ్చింది. మెట్ల మీద వాళ్ళు ఆగి వినేవాళ్ళు. ఒకరోజు తాళాలాయన కిటికీలోంచి తల దూర్చాడు.

"అక్కా, ఇన్నాళ్ళకి నీ ఇంట్లోకే దూరిందే తుమ్మెద!"

పాపం, ఆయన మనసులో చెడు లేదు. నా జోకు నాకే చెప్పి, నేను నవ్వుతానని నిలబడ్డాడు. పిల్ల నోట్లో మాట ఆపేసి నా ముఖం చూస్తోంది.

"ఆ పేరు నేను పెట్టింది. నేనే తీసేస్తున్నా. ఇంకోసారి అన్నావంటే నీ కొట్లో ఉన్న తాళాలన్నీ తెచ్చి నీ నోటికే వేస్తా" అన్నాను.

అదీ జోకే అనుకుని నవ్వుతూ వెళ్ళిపోయాడు. నేను నిజంగా అన్న మాట ఏదో కూడా వీధికి తెలియకుండా పోయింది. అదీ నా నోటి పుణ్యమే.

రెండోసారి వెళ్ళిన రోజు కూతురికి డ్యూటీ. పిల్ల నన్ను పక్కనే ఉండమంది. గదిలో ఉండాలంటే నేనూ ఏప్రాన్ వేసుకోవాలి. ఆమే తెచ్చి నా భుజాల మీద వేసింది. అంత బరువు ఉంటుందనుకోలేదు. భుజం పట్టీ దగ్గర కుట్టు ఊడిపోతోంది.

"ఇది ఇలా ఇచ్చెయ్, రెండు వరసలు వేసి తెస్తాను" అన్నాను.

"వద్దండీ. దానికి ఇక్కడ మనుషులున్నారు."

నా నడుం వెనక తాడు కడుతోంది. ముఖం కనబడకపోవడమే మేలనుకుని అనేశాను. "అప్పుడు... గౌను తెచ్చిన రోజు... నేనన్న మాట తప్పు. పెద్ద తప్పు."

ఆమె ముడి వేయడం పూర్తిచేసింది. "వీధంతా పిలుస్తుంటే మా అమ్మ అది ముద్దుపేరనుకుంది పెద్దమ్మగారూ. చివరికి తనూ అలాగే పిలిచేది. పోయిన రోజు కూడా 'తుమ్మెదా, కాసిని నీళ్ళివ్వు' అంది. అందుకని ఆ పేరును తిట్టుకోలేను." నా ముందుకొచ్చి ఏప్రాన్ అంచు సరిచేసింది. "మీరు మాత్రం అలా పిలవకండి."

ఆమె ఛాతీ మీద పేరు బిళ్ళ ఉంది. ఆ మనిషి అసలు పేరేమిటో నాకు గుర్తు లేదని అప్పుడే తట్టింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఆ పేరు ఇక్కడ రాయను. నా చేతిలో పడ్డ పేర్లకి ఏ గతి పడుతుందో చూశారు కదా.

"ఊపిరి బిగబట్టారు. వదలండి, ఈ బొమ్మ మీది కాదు" అంది, నాతోనే.

పిల్ల మొదలుపెట్టింది. బాబు బడికి పోతాడు. సగం గాలి ముక్కులోంచే పోతోంది. నా కుడిచెయ్యి టేపు కోసం బల్లను వెతికింది, దానంతటదే. ఆ చేతిని ఏప్రాన్ కిందికి తోసి, ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాను. తాత బాట పట్టాడు. ముక్కులోంచే. పట్టుకునే నిలబడ్డాను.

తర్వాత తెర మీద చూపించారు. పరదా లేచింది. ప్రతి "ప"కీ, ప్రతి "త"కీ లేచింది. లేచి, గోడకి ఇంకా ఒక గుండీ కాజా వెడల్పు దూరంలో ఆగిపోయింది. పొట్టిగుడ్డ, అంతే. బద్ధకపు గుడ్డ కాదు. డాక్టరు చాలాసేపు చూసి, వంతెన అక్కర్లేదన్నాడు. ఉన్న అంగిలినే వెనక్కి జరిపి, కాస్త పొడుగయ్యేలా కుడతారట. ఆ తర్వాత మళ్ళీ టీచరమ్మా, మళ్ళీ దూదీ. పూర్తిగా పోతుందని ఎవరూ మాటివ్వలేదు, నేనూ అడగలేదు.

వెళ్ళిపోతుంటే పిల్ల గుమ్మంలో ఆగి, పేరు బిళ్ళ చదివింది. బడికి వెళ్ళే పిల్ల కదా, నాలా కూడబలుక్కోలేదు. ఆ పేరు పెట్టి, చివర అత్తా అని చేర్చి, వెళ్ళొస్తానని చెప్పింది. పెదవులు గట్టిగా కలపాల్సిన అక్షరం ఒకటుంది అందులో. అది ముక్కులోకి జారి మెత్తబడిపోయింది.

"ఆఁ, వెళ్ళిరా" అందామె. తన పేరు సరిగ్గానే పిలిచినట్టు పలికింది.

నేను సరిదిద్దలేదు. నా చెయ్యి ఇంకా ఏప్రాన్ కిందే ఉంది. ఏప్రాన్ విప్పి ఇవ్వడం మరిచిపోయి గుమ్మం దాటబోతుంటే ఆమే వెనక్కి పిలిచి తీసుకుంది.